వైన్ షాపుల తర్వాత తెరుచుకున్న అసెంబ్లీ

ఏటా జూన్ 25 రాగానే టీవీ స్టూడియోల్లో ఒకటే గొడవ. ఒకాయన ఎమర్జెన్సీ నాటి జైళ్ల గురించి చెబుతాడు. ఇంకొకాయన "ఇప్పుడు జరుగుతున్నదేంటి మరి?" అని ఎదురు తిరుగుతాడు. కేంద్రం 2024లో ఆ రోజుకు 'సంవిధాన్ హత్యా దివస్' అని పేరు కూడా పెట్టింది. నా బాధ వేరు. 1975 ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. అది మళ్లీ రాకుండా 1978లో చేసిన కట్టుదిట్టాలేమిటో కొద్దిమందికి తెలుసు. ఎమర్జెన్సీ ప్రకటించే అధికారమిచ్చేది, ఆ కట్టుదిట్టాలున్నది రాజ్యాంగం 352వ అధికరణం. దాని జోలికి ఇప్పుడు ఏ ప్రభుత్వమూ పోవట్లేదు. పోవాల్సిన అవసరం లేకుండానే పని జరిగిపోతోంది. ఈ మాట ఏ స్టూడియోలోనూ వినపడదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి 2020 తేదీలు గుర్తు చేస్తాను. తెలంగాణ శాసనసభ బడ్జెట్ సమావేశాలను కుదించి మార్చి 16న నిరవధికంగా వాయిదా వేశారు. మార్చి 22న రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 23న పార్లమెంటు నిరవధిక వాయిదా పడింది. 24న రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించారు, ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. మే 6న తెలంగాణలో వైన్ షాపులు తెరిచారు. సెప్టెంబర్ 7న శాసనసభ, 14న పార్లమెంటు తెరుచుకున్నాయి.

వైన్ షాపుల మీద నాకేం కోపం లేదు, ఆ క్యూలో నా స్నేహితులూ నిలబడ్డారు. నాకు విడ్డూరంగా అనిపించింది వేరే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఖాళీ ఉండకూడదని రాజ్యాంగం 85, 174 అధికరణాల్లో చెప్పింది. అసెంబ్లీకి ఆ గడువు సెప్టెంబర్ 16న తీరుతుంది, పార్లమెంటుకు 23న. రెండూ గడువుకు తొమ్మిదేసి రోజుల ముందు సమావేశమయ్యాయి. కరోనా తగ్గిందని తెరిచారా అంటే అదీ కాదు, కేసులు అప్పుడే బాగా ఎక్కువగా ఉన్నాయి. క్యాలెండర్ ఒప్పుకోదు కాబట్టి తెరిచారు. తెరిచిన పార్లమెంటులో కూడా ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. 1975 జులై సమావేశాల్లోనూ ప్రశ్నోత్తరాలు ఎత్తేశారు. ఇందిరకూ కరోనాకూ పోలిక పెట్టటం లేదు. అసాధారణ అధికారం చేతికొచ్చిన ప్రతి ప్రభుత్వమూ ముందుగా తప్పించుకోవాలని చూసేది ప్రశ్ననే అని మాత్రం అంటున్నాను.

ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో ఒక్క ఉదాహరణ చాలు.

2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల జీతాల్లో 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం కోత. పెన్షనర్లకూ 50 శాతం. కోత కాదు, వాయిదా అన్నారు తర్వాత. మందులకూ అద్దెకూ పెన్షనే ఆధారమైన మనిషికి ఆ తేడా ఒకటో తారీఖున ఎలా తెలుస్తుంది?

ఖజానా ఖాళీ అయిన మాట నిజం. రిజిస్ట్రేషన్లు లేవు, బండ్లు కదలవు, షాపులు మూత. డబ్బు లేనప్పుడు ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఆపక తప్పదు. కానీ మన రాజ్యాంగంలో సరిగ్గా ఈ పరిస్థితికే ఒక అధికరణం ఉంది. 360, ఆర్థిక అత్యవసర పరిస్థితి. అది ప్రకటిస్తే రాష్ట్ర ఉద్యోగుల జీతాలు తగ్గించమని కేంద్రం ఆదేశించొచ్చని అందులోనే రాసి ఉంది. అయితే ఆ ప్రకటనను రెండు నెలల్లో పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాలి. ఈ దేశంలో దాన్ని ఇంతవరకూ ఎవరూ వాడలేదు. రాజ్యాంగం రెండు సభల అనుమతి లేకుండా ఎక్కువ కాలం సాగనివ్వని పనిని సచివాలయంలో ఒక జీవోతో మొదలుపెట్టారు.

పెన్షనర్లు హైకోర్టుకు వెళ్లారు. ఏ చట్టం కింద ఆపారని కోర్టు అడిగింది. అప్పుడు, జూన్‌లో, తెలంగాణ విపత్తు, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రత్యేక నిబంధనల ఆర్డినెన్స్ వచ్చింది. జీతాలు, పెన్షన్లలో సగం వరకు వాయిదా వేసే అధికారం అందులో రాసుకున్నారు, అదీ మార్చి నుంచే వర్తించేలా. సెప్టెంబర్‌లో సభ కూర్చున్నాక అది చట్టమైంది. వరస చూడండి. ముందు జీవో, తర్వాత కోర్టు ప్రశ్న, ఆ తర్వాత ఆర్డినెన్స్, చిట్టచివర శాసనసభ. అడగాల్సిన సభ అన్నిటికన్నా వెనకాల వచ్చింది. పక్క రాష్ట్రం కథా ఇంచుమించు ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆపిన జీతాలు, పెన్షన్లు 12 శాతం వడ్డీతో ఇవ్వమని హైకోర్టు చెప్పింది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది. రెండు చోట్లా ప్రశ్న అడిగింది జడ్జీలు. ఓటేసి పంపినవాళ్లు కాదు.

మా చిక్కడపల్లి అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ అంకుల్‌తో ఈ విషయం మీద నాకు చాలాసార్లు వాదన జరిగింది. ఆయన రిటైర్డ్ ఇంజనీర్, ఎమర్జెన్సీలో రైళ్లు టైముకి నడిచాయని ఇప్పటికీ చెప్పే తరం. "ఏమయ్యా, ఇల్లు తగలబడుతుంటే నీళ్లు పోస్తారా, ఫ్లాటు ఓనర్ల మీటింగు పెడతారా?" అన్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. నీళ్లే పోయాలి, ముందు పర్మిషన్ అడగక్కర్లేదు. కానీ మంట ఆరాక కూడా ఫైరింజన్ వాళ్లు ఇంట్లోనే ఉండి, బీరువా తాళాలు వాళ్ల దగ్గరే పెట్టుకుంటే? ఎప్పుడు వెళ్తారని అడగడానికి ఎవరో ఒకరుండాలి కదా అంకుల్ అన్నాను. నవ్వేసి కాఫీ తెప్పించారు. ఒప్పుకున్నారని చెప్పను.

నేను కోరేది కూడా ముందస్తు అనుమతి కాదు. గడువు. అత్యవసర అధికారాల చట్టం ఏది చదివినా నేను మొదట వెతికేది ఒక్కటే: సభ నోరు మెదపకపోతే ఏమవుతుంది? అధికారం దానంతట అదే ముగుస్తుందా, దానంతట అదే సాగుతుందా? మిగతా సెక్షన్లన్నీ దీని తర్వాతే.

1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. కేంద్ర కేబినెట్‌కు ఆ సంగతి తెలిసింది మర్నాడు పొద్దున. జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణ తెచ్చినప్పుడు ఈ అనుభవం కళ్ల ముందుంది, అందుకే ఒక్కో వాక్యం దెబ్బ తిన్నవాడు రాసినట్టు ఉంటుంది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటించకూడదు. 'అంతర్గత కల్లోలం' అనే సాగదీయగల మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టారు. రెండు నెలల గడువును నెలకు కుదించారు. ఉభయసభల్లో మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ఆరు నెలలకే చెల్లుతుంది, కావాలంటే మళ్లీ అడగాలి. 20, 21 అధికరణాల హక్కుల అమలును ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు.

వీటన్నిటికన్నా నాకు నచ్చిన క్లాజు మరొకటుంది, దాన్ని ఎవరూ తలుచుకోరు. లోక్‌సభలో పదో వంతు సభ్యులు, అంటే 543లో 55 మంది, సంతకాలు పెట్టి నోటీసిస్తే, ఎమర్జెన్సీ కొనసాగాలా వద్దా అని తేల్చడానికి పద్నాలుగు రోజుల్లోపు ప్రత్యేక సమావేశం పెట్టి తీరాలి. ఆ సమావేశంలో వద్దని మామూలు మెజారిటీ చాలు, రద్దు చెయ్యాల్సిందే. మామూలుగా మన దేశంలో సభను పిలిచేది ప్రభుత్వం సలహా మీద రాష్ట్రపతో గవర్నరో. ఎవరిని నిలదీయాలో వాళ్ల చేతిలోనే సభ తాళం. ఈ ఒక్క క్లాజు దగ్గర మాత్రం ప్రతిపక్షానికి సభను తెరిపించే హక్కు దొరికింది.

352 కింద దేశంలో మూడుసార్లు ఎమర్జెన్సీ ప్రకటించారు, 1962లో, 1971లో, 1975లో. 44వ సవరణ తర్వాత ఒక్కసారి కూడా లేదు. సంతోషించాల్సిన మాటే. కానీ 2020లో మనల్ని ఇంట్లో కూర్చోబెట్టినవి వేరే రెండు చట్టాలు. ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు భయంతో తెల్లవాళ్లు హడావుడిగా చేసిన నాలుగు సెక్షన్ల చట్టం. అవసరమనిపిస్తే ఏ చర్య అయినా తీసుకోవచ్చంటుంది, ఎంతకాలమో చెప్పదు, ఆ ఆదేశాలు ఏ సభకు చూపించాలో చెప్పదు. రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం. తుపాన్లు, భూకంపాలు, సునామీ మనసులో పెట్టుకుని రాసింది. దాని కింద చేసే నియమాలను పార్లమెంటు ముందు పెట్టాలి, నిజమే. కానీ ఎవరు బయటికి రావచ్చు, ఏ షాపు తెరవాలి, జీతం ఇవ్వాలా వద్దా అని చెప్పినవి నియమాలు కావు. అవి ఆదేశాలు, మార్గదర్శకాలు. వాటికి గడువు పెట్టినవాళ్లు అధికారులే, పొడిగించినవాళ్లూ అధికారులే. 2022 మార్చి ఆఖరు దాకా, రెండేళ్ల పాటు, అలాగే నడిచింది. ఏ ఒక్క పొడిగింపు మీదా ఏ సభా ఓటు వేయలేదు.

ఇది మన ఒక్కరి తెలివి కాదులెండి. దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఎమర్జెన్సీ ప్రకటనకు 21 రోజుల గడువు పెట్టి, పొడిగించాలంటే పార్లమెంటుకు రమ్మంది. ఆ ప్రభుత్వం కూడా 2020 మార్చి నుంచి రెండేళ్లకు పైగా తన విపత్తుల చట్టంతోనే నెట్టుకొచ్చింది, రాజ్యాంగంలోని గడువు ముట్టుకోలేదు.

సభ మౌనాన్ని అంగీకారంగా లెక్కేస్తే ఏమవుతుందో అమెరికాను చూస్తే తెలుస్తుంది. 1976లో అక్కడ జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టం చేశారు. అధ్యక్షుడు ప్రకటించింది వద్దనుకుంటే ఉభయసభలూ తీర్మానం చేసి ఆపేయొచ్చు, ఆయన సంతకం అక్కర్లేదు. 1983లో వాళ్ల సుప్రీంకోర్టు ఇలాంటి శాసనసభ వీటో చెల్లదంది. ఆ తర్వాత చట్టం మారి, ఆపే తీర్మానానికి కూడా ఎవరిని ఆపాలో ఆయన సంతకమే కావాల్సొచ్చింది. 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటిస్తే సెనేట్ 59-41తో వద్దంది. ఆయన వీటో చేశారు, అంతటితో అయిపోయింది. 1979 నవంబర్‌లో ఇరాన్ మీద కార్టర్ ప్రకటించిన ఎమర్జెన్సీని నలభై ఏళ్లు దాటినా ఏటా పొడిగిస్తూ వచ్చారు.

దక్షిణ కొరియా దీనికి సరిగ్గా ఎదురు. 2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించాడు. జాతీయ అసెంబ్లీ కార్యకలాపాలు నిషేధమని ఉత్తర్వు కూడా వచ్చింది. సభ్యులు పోలీసుల్ని తప్పించుకుని, స్పీకర్‌తో సహా కొందరు గోడలు దూకి లోపలికెళ్లారు. సైనికులు అద్దాలు పగలగొట్టి లోపలికొస్తుండగానే అర్ధరాత్రి ఒంటి గంటకి 190 మంది ఓటేశారు, 190 మందీ వద్దనే. మొత్తం సభ్యుల్లో మెజారిటీ అడిగితే అధ్యక్షుడు ఎత్తేసి తీరాలని వాళ్ల రాజ్యాంగం 77వ అధికరణం చెబుతుంది. తెల్లారకముందే ఎత్తేశాడు. అక్కడి జనం వీధుల్లోకి రావడం వల్లే అయిందని అంటారు, అదీ నిజమే. కానీ వీధిలోకొచ్చిన జనం కాపలా కాసింది దేనికి? ఆ ఓటుకు.

ఆ 190 మందిలో 18 మంది యూన్ సొంత పార్టీ వాళ్లు. అమెరికాలో 59 మందిలో 12 మంది ట్రంప్ పార్టీ వాళ్లు. ఇక్కడే నాకు మన గురించి టెన్షన్ మొదలవుతుంది. 44వ సవరణ మూడింట రెండు వంతులు కావాలని 1978లో రాసింది. ఎంపీ ఓటు అప్పటికి ఎంపీదే. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఇప్పుడు విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేస్తే, పదిహేను రోజుల్లో పార్టీ క్షమించకపోతే, సీటు పోతుంది. కొరియాలో ఆ 18 మంది చేసిన పని మన దగ్గర చేస్తే మర్నాటి నుంచి స్పీకర్ ముందు అనర్హత పిటిషన్లు. విప్‌ను ప్రభుత్వ మనుగడకో, పార్టీ ముఖ్య విధానానికో సంబంధించిన ఓట్లకే పరిమితం చేస్తే మంచిదని 1992లో కిహోటో హొల్లోహాన్ తీర్పులో సుప్రీంకోర్టు అంది. ఏ పార్టీ పట్టించుకోలేదు. కాబట్టి మూడింట రెండు వంతులు అన్నా మన లెక్కలో రెండో మూడో పార్టీ ఆఫీసుల నిర్ణయం. అత్యవసర అధికారాల మీద జరిగే ఓటుకు విప్ వర్తించదని, ఈ ఫిరాయింపుల నిబంధనలున్న రాజ్యాంగం పదో షెడ్యూలులో ఒక్క వాక్యం చేర్చాలి. అది పార్లమెంటు చెయ్యాల్సిన పని, అంత సులువుగా అవుతుందనీ అనుకోను.

దీనికి ఎదురు వాదనా ఉంది. 1975లో విప్ భయం లేదు కదా, మరి లోక్‌సభ ఏం చేసింది? 336-59తో ఆమోదించింది. ప్రతిపక్ష నాయకులు చాలామంది అప్పటికే జైళ్లలో ఉన్నారు. ఇలాంటి సభను నమ్ముకుని ఏం లాభం అంటారా? ఆ 59 మంది ఓడిపోయారు. కానీ ఆ సభలో మాట్లాడిన మాటలకు ప్రభుత్వం ఎంత భయపడిందో చూడండి. పార్లమెంటు ప్రసంగాలను కూడా సెన్సార్ చేసింది. సభలో జరిగింది పత్రికలు నిర్భయంగా వేసుకోవచ్చని 1956లో ఒక చట్టం వచ్చింది, ఫిరోజ్ గాంధీ ప్రైవేటు బిల్లు పెట్టి సాధించుకున్నది. ఆయన భార్య ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఓట్లలో గెలుపు ఖాయమైన ప్రభుత్వానికి మాటలు బయటికి పొక్కడం ఎందుకు అంత ఇబ్బంది? జవాబు చెప్పాల్సి రావడం ఓడిపోవడంతో సమానమని దానికి తెలుసు. 44వ సవరణ ఈ పత్రికల హక్కును ఏకంగా రాజ్యాంగంలో, 361ఎ అధికరణంగా పెట్టింది.

అందుకే ఓటు కుదరని చోట కనీసం ప్రశ్న ఉండాలంటాను. న్యూజిలాండ్ 2020 మార్చిలో పార్లమెంటును వాయిదా వేస్తూనే ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ప్రతిపక్ష నాయకుడు, సభ్యుల్లో మెజారిటీ ప్రతిపక్షానిదే. మంత్రులను, అధికారులను వీడియోలో పిలిచి ప్రశ్నలడిగారు, జనం చూశారు. హైదరాబాద్‌లో ఆ నెలల్లో ఐదో క్లాసు పిల్లలు కూడా జూమ్‌లో పాఠాలు విన్నారు. 119 మంది ఎమ్మెల్యేలకు లాగిన్ ఇవ్వలేకపోయారంటే నమ్మమంటారా?

ఇదంతా కరోనాతో పోయిన కథ అనుకుంటే 2024 జులైకి రండి. చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి హైదరాబాద్‌లో హైడ్రా (హైదరాబాద్ డిజాస్టర్ రెస్పాన్స్ అండ్ అసెట్ ప్రొటెక్షన్ ఏజెన్సీ) అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. పేరులోనే డిజాస్టర్ ఉంది. చెరువులు కాపాడాలనడంలో నాకు రెండో అభిప్రాయం లేదు, వానొస్తే మా వీధి సంగతి నాకు తెలుసు. కానీ పుట్టింది జీవోతో. ఏ అధికారంతో కూల్చుతున్నారని హైకోర్టులో ప్రశ్నలొచ్చాయి. అక్టోబర్‌లో జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. పెన్షన్ల కథలో చూసిన వరసే మళ్లీ. అప్పుడు అధికారంలో ఉన్నది ఒక పార్టీ, ఇప్పుడు ఇంకో పార్టీ.

రాజ్యాంగ సవరణ దాకా ఎదురుచూడకుండా రాష్ట్రంలో చేయగలిగింది చాలా ఉంది. అంటువ్యాధులు ఉమ్మడి జాబితాలోనివి, రాష్ట్రం సొంత చట్టం చేసుకోవచ్చు. అందులో మూడు మాటలు రాస్తే చాలంటాను. అత్యవసర ఆదేశం ఏదైనా ముప్పై రోజులకు దానంతట అదే ముగుస్తుంది, కొనసాగాలంటే సభ ఓటేయాలి. సభ లేని రోజుల్లో పదో వంతు సభ్యులు, అంటే 119లో పన్నెండు మంది, అడిగితే పద్నాలుగు రోజుల్లో సభ కూర్చోవాలి. అత్యవసర కాలంలో ప్రతిపక్షం అధ్యక్షత వహించే ఒక కమిటీ వారం వారం అధికారులను పిలిచి అడగాలి. కమిటీకైతే కొత్త చట్టం కూడా అక్కర్లేదు, సభ తన నియమాలు తానే మార్చుకోవచ్చు.

"అధికారంలో ఉన్నవాళ్లు తమ చేతులు తామే ఎందుకు కట్టుకుంటారయ్యా?" అని అంకుల్ అడిగారు. 44వ సవరణ నాటికి రాజ్యసభలో జనతాకు మూడింట రెండు వంతుల బలం లేదు. కాంగ్రెస్ ఓట్లు పడకుండా అది గట్టెక్కేది కాదు. అధికారం పోయిన పార్టీ, రేపు తనకూ పోతుందని తెలిసిన పార్టీ కలిస్తే ఇలాంటివి జరుగుతాయి. మన శాసనసభలో 2020లో జీవోలిచ్చినవాళ్లు ఇప్పుడు ప్రతిపక్షంలో కూర్చుని జీవోల మీద ప్రశ్నలడుగుతున్నారు. అప్పుడు సభ ఎందుకు పిలవరని అడిగినవాళ్లు ఇప్పుడు జీవోలిస్తున్నారు. ఇద్దరికీ రెండు వైపులా అనుభవమే కాబట్టి పన్నెండు మంది సంతకాల క్లాజుతో ఒక ప్రైవేటు బిల్లు పెట్టడానికి ఏ బెంచీ నుంచి ఎవరు లేచినా ఫరవాలేదు.